రామగిరి సగం దాకా

వైజాగ్ పెళ్ళికి పోక తప్పదు. మా ఆడబిడ్డ కూతురి పెళ్ళి అది. పిల్ల తండ్రి పోయి ఆరేళ్ళయింది కాబట్టి చెయ్యి పట్టుకుని చర్చిలో నడిపించాల్సింది మేనమామే. అంటే మా ఆయన మార్కు. అందుకని ఆ ప్రయాణానికి నేను అడ్డం చెప్పలేదు. రైల్లో పెట్టె పోతుందేమో, పెళ్ళిభోజనం పడదేమో, మేం లేనప్పుడు క్వార్టర్ తాళం ఎవరైనా పగలగొడతారేమో అని నాలో నేను అనుకున్నాను గానీ బయటికి అనలేదు. నా గొడవంతా పెళ్ళి అయ్యాక వచ్చే రెండు రోజుల గురించి.

ఆ రెండు రోజులను పుట్టించింది మా సారిక. కరీంనగర్‌లో ఒక ల్యాబులో రక్తాలు పరీక్ష చేసే ఉద్యోగం దానిది. వారం వారం గోదావరిఖనికి వస్తుంది. అక్టోబర్ మొదటి శనివారం వచ్చీ రాగానే, భుజానున్న సంచి కూడా దించకుండా ఫోను నా ముఖం ముందు పెట్టింది. ఫోనులో పచ్చటి కొండలు, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో పాలు పొంగినట్టు మబ్బు.

"అరకు," అంది. "పెండ్లి తెల్లారి పొద్దుగాల వైజాగ్‌ల రైలెక్కితే మధ్యాహ్నంకల్లా ఈడ ఉంటం. ఒక దినం గుట్ట ఎక్కుడు, ఒక దినం టెంట్ల ఉండుడు. మల్ల వైజాగ్‌కు వచ్చి ఇంటి రైలు."

"టెంటంటే ఏందే?"

"గుడ్డతోటి గుడిసె."

"కంపెనీ మనకు స్లాబు క్వార్టర్ ఇచ్చింది గద. గుడ్డ గుడిసెల పండుకునుడు ఏం ఖర్మనే?"

మార్కు అప్పుడే మొదటి షిఫ్టు నుంచి వచ్చి మంచం అంచున కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. "ఏదీ, జర నాకు చూపియ్యి బిడ్డా," అని ఫోను తీసుకున్నాడు. వేలితో కొండల మీద నెమ్మదిగా జరుపుకుంటూ పోయాడు.

"బొర్రా గుహలు గూడ చూద్దాం డాడీ. భూమి లోపట ఎంత పెద్దగ ఉంటయో..."

"ఆగు. ముప్పై ఒక్క ఏండ్ల సంది గుహలనే ఉన్న. ఇప్పుడు టికెట్టు కొని మల్ల గుహలకు పోవాల్నా?"

సారిక పడీ పడీ నవ్వి గుహలు కొట్టేసింది. "మరి గుట్ట?"

"గుట్ట పెట్టు," అన్నాడాయన.

నాకు నవ్వు రాలేదు. ఘాట్ రోడ్డులో బస్సు పడిందని పేపర్లో చదివిన వార్తలన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఎక్కడ ఎవరు జారి పడ్డా, ఎవరు సెల్ఫీ దిగుతూ పోయినా నేను మరిచిపోను. అది నా గుణం. మార్కు బాయిలో దిగినప్పటి నుంచీ ఉన్నదే. ఇక్కడ బొగ్గు గనిని బాయి అనే అంటాం. షిఫ్టు విడిచాక ఆయన అరగంట ఆలస్యమైతే నేను మనసులో శవయాత్ర దాకా పోయి వచ్చేదాన్ని. ఎవరికి ఫోన్ చెయ్యాలి, పిల్లలకు ఎట్లా చెప్పాలి, అంతా అయిపోయేది. ఈలోగా గేటు ముందు బండి స్టాండు వేసిన చప్పుడు వినపడేది. అప్పుడు ఆయన మీద పట్టరాని కోపం వచ్చేది. ఆయనకు డ్యూటీ వారానికి ఆరు రోజులు. నాకు ఆదివారం కూడా సెలవు లేదు. ఒళ్ళు అలసిపోతే పడుకుంటే పోతుంది, ఈ అలసట అట్లా పోయేది కాదు.

ఈసారి భయానికి ఇంకో కారణం కూడా ఉంది. పెళ్ళి నవంబరు పదిహేడున. అదే నెల ఇరవై అయిదున మార్కు మెడికల్ బోర్డు ముందుకు పోవాలి.

మా దిక్కు వాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు. బాయిలో పనిచేసే మనిషికి ఊపిరితిత్తులో, నడుమో చెడిపోయి ఇక పనికి రాడని డాక్టర్లు తేలిస్తే అన్‌ఫిట్ అంటారు. అప్పుడు ఆయన ఇంట్లో కూర్చుంటాడు, కొడుక్కి ఉద్యోగం వస్తుంది. ఫిట్ అంటే మార్కు ఇంకా నాలుగేళ్ళు బాయిలో దిగాలి, మా ఎడ్వర్డు ఇంకా నాలుగేళ్ళు కాంట్రాక్టరు వెంట తిరగాలి. అందుకే మా క్వార్టర్ల లైనులో అన్‌ఫిట్ అనేది మంచి మాట. పక్క క్వార్టర్ సమ్మవ్వ మొగుడు అన్‌ఫిట్ అయినప్పుడు ఆమె ఇంటింటికీ లడ్డూలు పంచింది, మేమూ తిన్నాం. కాగితం మీద మనిషి చెడిపోవాలి, మనిషి మాత్రం బాగుండాలి. అందరం కోరుకునేది అదే. మార్కుకు దగ్గు ఉంది, మెట్లెక్కితే ఆయాసం ఉంది. అయితే ఏ దగ్గూ లేనోడు బాయిలో ఎవడున్నాడు? ఒక్క రోజు డ్యూటీ మానడు. కాబట్టి అది కాగితాల సంగతే అని నేను అనుకునేదాన్ని.

సాయంత్రం ఎడ్వర్డు వచ్చి అరకు మాట వినగానే చెల్లెలి మీద లేచాడు.

"నీకు దిమాగ్ ఉన్నదా సారికా? ఇరవై అయిదున బోర్డు. దానికి వారం ముందుగాల డాడీ గుట్ట మీద నిలబడి ఫోటో దిగుతడా?"

"నేను ఫోటోలు పెట్టను తియ్యి."

"నువ్వు పెట్టవు. అత్త పెడతది. అత్త స్టేటస్ సగం గోదావరిఖని చూస్తది. దమ్ము లేనోడు కొండలెట్ల ఎక్కిండు అని అడుగుతరు."

"డాడీకి ఉట్టిగనే దమ్ము లేదా, నిజంగ లేదా? ముందుగాల అది చెప్పు."

"నేను ఈడనే ఉన్న," అన్నాడు మార్కు. "చెవులు గూడ ఫిట్టే."

ఎడ్వర్డు తప్పు కూడా లేదు. ఇరవై ఆరేళ్ళొచ్చాయి, డిప్లొమా చదివాడు, ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు దగ్గర పని ఇవాళ ఉంటే రేపు ఉండదు. వాడి ముఖం చూసినా నాకు భయమే, సారిక ఫోనులో కొండలు చూసినా భయమే.

అందుకే ఆ రాత్రి వంటింట్లో కూర్చుని చీటీ రాశాను.

మా చర్చిలో తలుపు పక్కన ఒక చెక్క పెట్టె ఉంటుంది. ప్రార్థన చీటీలు అందులో వేస్తాం. పేరు రాయనక్కర లేదు. పాత పాస్టరు గారు పెట్టె మూత మీద చెయ్యి పెట్టి, "ఇందులో ఉన్న మనవులన్నీ నీకు తెలుసు ప్రభువా," అని ముగించేవారు. చీటీలు ఎవరూ విప్పేవారు కాదు. ఆ పెట్టెలో నేను వేసినన్ని భయాలు సంఘం మొత్తం కలిసి కూడా వేసి ఉండదు.

ఆగస్టులో పాస్టరు గారు మారారు. కొత్తగా వచ్చిన పాస్టరమ్మ అంతకు ముందు ఆదివారమే, సంఘమంతా ఏకీభవిస్తేనే ప్రార్థనకు బలమని, వచ్చే ఆదివారం నుంచి చీటీలు పైకి చదువుతామని చెప్పిందట. ఆ మాట చెప్పిన ఆదివారం నేను గ్యాసు కట్టేశానో లేదో అని భయమేసి మధ్యలోనే ఇంటికి పరుగెత్తాను. గ్యాసు కట్టేసే ఉంది.

మర్నాడు ఆరాధన చివర పాస్టరమ్మ పెట్టె తెరిచి ఒక్కో చీటీ విప్పడం మొదలుపెట్టింది. సారిక నా పక్కనే కూర్చుంది. మార్కు, ఎడ్వర్డు ఎడమ వైపు మగవాళ్ళ బల్లల్లో ఉన్నారు. ఎవరిదో మోకాళ్ళ నొప్పి, ఎవరి మనవరాలివో పరీక్షలు. మూడోది నాదే.

"ప్రభువా, మా ఇంటాయన బోర్డుల అన్‌ఫిట్ కావాలె," అని చదివి పాస్టరమ్మ ఆగింది. కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "అప్పటి దాక అరకు ప్రయాణం ఆగిపోవాలె. గుట్టలు ఎక్కుడు, గుడ్డ గుడిసెల పండుడు మాకొద్దు. పిల్ల మనసు మార్చు తండ్రీ."

సంఘంలో అరకు పోయేది మేం తప్ప ఇంకెవరూ లేరు. సారిక ఆ సంగతి ముందు రోజే అందరికీ చెప్పేసింది.

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో అన్నారు: "నా పేరు గూడ కలుపుండ్రి అమ్మా, నాది జనవరిల బోర్డు." ఒక్కసారిగా నవ్వులు. నా ముందు బల్లలో ఉన్న ముసలి సారవ్వ మెడ తిప్పి నా వైపు చూసింది.

"ఏమే ఎలిజబెత్తూ, నీ పేరు తప్ప అన్నీ రాసినవ్ గదనే. మొగడు మంచిగ ఉండాలని మొక్కేటోళ్ళను చూసిన గని, చెడిపోవాలని మొక్కేదాన్ని నిన్నే చూసిన."

"కాగితం కోసమే గద పెద్దమ్మా," అన్నాను నేను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే ఏదోలా వినిపించింది.

పాస్టరమ్మ పాపం, "ఆ సహోదరునికి ఏది మంచిదో అది జరిగించు ప్రభువా," అని సర్ది చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. మార్కు ఆమెన్ అన్నాడో లేదో నాకు వినపడలేదు.

ఇంటికి వచ్చాక కోడి కూర వండాను, తిన్నారు. మార్కు చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మెల్లగా తుడుచుకుంటూ అన్నాడు:

"వచ్చే ఆదివారం రామగిరి పోదాం."

రామగిరి మాకు దగ్గరే. కమాన్‌పూర్ దాటి కొంత దూరం పోతే పాత ఖిల్లా ఉన్న గుట్ట.

"ఎందుకు?" అన్నాను.

"అరకు గుట్ట ఎక్కుతనా లేదా ఈడనే తెలుస్తది. ఎక్కితే అరకు పోతం. ఎక్కకపోతే నీ చీటీ గెలిచినట్టు."

"డాడీ, ఎవలన్న చూస్తే..." అన్నాడు ఎడ్వర్డు.

"చూడనియ్. నేనేం దొంగతనానికి పోతున్ననారా? బాయిలకెళ్ళి రోజు పైకి వస్తలేనా? అది గుట్ట కాదా?"

బాయి లోపలి దారి ఏటవాలుగా ఎంతో లోతుకు పోతుందని, పని అయ్యాక అదంతా ఎక్కి రావాలని పెళ్ళయిన కొత్తలో ఆయనే చెప్పాడు. రోజూ గుట్ట ఎక్కే మనిషికి ఇంకో గుట్ట ఏం లెక్క అని నాకూ అనిపించింది. అట్లా అయితే ఎక్కేస్తాడు. ఎక్కితే ఎవరో చూస్తారు. బోర్డులో ఫిట్ అంటారు. మళ్ళీ నాలుగేళ్ళు నేను గేటు దగ్గర నిలబడాలి. ఎక్కలేకపోతే ఏమవుతుందో అనే దాకా నా భయం ఆ వారమంతా పోనే లేదు. అన్నిటికీ ముందే భయపడే నేను అసలు భయపడాల్సిన దాన్ని వదిలేశాను.

ఆదివారం పొద్దున ఆరింటికే రెండు బండ్ల మీద బయల్దేరాం. ఆరాధన మానడం నాకు పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆ పాపం కూడా ఎక్కడ తగులుతుందో అనుకుంటూ మార్కు వెనక కూర్చున్నాను. ఒళ్ళో సంచి. అందులో గ్లూకోజు, నాలుగు సీసాల నీళ్ళు, దూది, కట్టు గుడ్డ, పాము కరిస్తే కట్టడానికి నవ్వారు ముక్క. కమాన్‌పూర్ దగ్గర ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు దారి పక్కనే ఉంటాయి. బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి. వాటి మీద ఇప్పుడు గడ్డి మొలిచి చెట్లు కూడా వచ్చాయి. తెలియని వాళ్ళు నిజం కొండలే అనుకుంటారు.

రామగిరి కింద బండ్లు పెట్టి నడక మొదలుపెట్టాం. సీతాఫలాల కాలం, పొదల నిండా కాయలు. దారిలో పాత రాతి మెట్లు, కొన్ని ఊడిపోయాయి. పిల్లలిద్దరూ ముందు నడిచారు. మార్కు కూడా మొదట్లో వాళ్ళ వెంటే జోరుగా నడిచాడు. నేనే వెనకబడ్డాను.

"ఏమే ఎలిజా, అన్‌ఫిట్ నువ్వా, నేనా?" అని పైనుంచి కేకేశాడు.

కొంచెం దూరం పోయాక ఆగి బూటు తాడు కట్టుకున్నాడు. ఇంకొంచెం పోయాక ఒక సీతాఫలం ఒత్తి చూశాడు, కోయలేదు. ఇంకో మలుపు దగ్గర నిలబడి, "ఆగాగు, చూడు, ఆడ మన ఓపెన్‌కాస్టు కనబడతాంది," అని చెయ్యి చాపాడు. నేను చూశాను. మంచులో ఏమీ కనపడటం లేదు. ఆయన వైపు తిరిగితే పైన మిగిలిన మెట్లు చూస్తున్నాడు.

విరిగిన గోడ ఒకటి వచ్చింది. ఖిల్లా మొదటి దర్వాజా పక్కది అయి ఉంటుంది. పిల్లల మాటలు పైన ఎక్కడో వినపడుతున్నాయి. మార్కు గోడకు చెయ్యి ఆనించి అట్లాగే జారి కూర్చున్నాడు.

ఊపిరి లోపలికి పోవడం లేదు. పోయింది బయటికి రావడం లేదు. నోరు తెరుచుకుని ఉంది, మెడ నరాలు తాళ్ళలా లేచాయి, పెదాలు నేరేడు పండు తిన్నట్టు నల్లబడ్డాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఊహించుకున్న చావులన్నిటిలో ఇలాంటిది లేదు. ఏం చెయ్యాలో ఒక్కటీ తట్టలేదు. సంచిలో ఉన్నవేవీ దీనికి పనికిరావు. చొక్కా గుండీలు విప్పి వెనక కూర్చుని వీపు రాస్తూ ఉండిపోయాను. సారికను పిలవబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

చాలాసేపటికి ఊపిరి కాస్త దారికొచ్చింది.

"పిల్లలకు చెప్పకు," అన్నాడు మొదట.

"రోజు బాయిలకెళ్ళి ఎక్కి వస్తన్నంటివి."

"మనుషులను పైకి గుంజుకొచ్చే కుర్చీల బండి పెట్టిండ్రు గద. అండ్ల కూసోని వస్త. నేను నడువక రెండేండ్లయింది."

"మరి పని?"

"వీరేందర్ చేస్తడు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. మార్కు పని పైకప్పు కూలకుండా కింద నుంచి ఇనుప స్తంభాలు నిలబెట్టడం. వీరేందర్ ఆయన జోడీ, వయసులో పదేళ్ళు చిన్న. "స్తంభాలన్ని వాడే మోస్తడు. 'అన్నా, నువ్వు జర సక్కగున్నదా లేదా చూడు' అంటడు. నలుగుర్ల నా ఇజ్జత్ పోకుండ. రెండేండ్ల సంది నేను సక్కగున్నదా లేదా చూసుడే."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తే నువ్వు బతకనిస్తవా? పక్కల గడియారం పెట్టుకుని నా దమ్ములు లెక్కబెడ్తవు."

అది నిజమే. వీపు రాస్తూనే ఉన్నాను. చొక్కా కింద ఎముకలు చేతికి తగులుతున్నాయి. ఎప్పుడు ఇంత చిక్కిపోయాడో చూడనే లేదు. గేటు వైపు చూడటంలోనే నా కళ్ళు అరిగిపోయాయి, ఇంట్లోకి వచ్చిన మనిషిని చూసిందెప్పుడు?

"నీ చీటీ జల్దినే పనిచేసింది పో," అన్నాడు.

"నేను కాగితం మీదనే అడిగిన."

"కాగితం మీద అడిగితే కాగితం మీదనే ఇస్తడా?" అని నవ్వబోయాడు. దగ్గు వచ్చింది.

ఆ దగ్గు విని పిల్లలు దిగి వచ్చారు. సారిక తండ్రి మణికట్టు పట్టుకుని నాడి చూసింది, పెదాలు చూసింది, గోళ్ళు చూసింది. దాని ముఖంలో కూతురు పోయి ల్యాబు మనిషి వచ్చింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది. ఎడ్వర్డు రెండు మెట్ల కింద నిలబడిపోయాడు.

"ఎన్ని రోజుల సంది డాడీ?" అని సారిక అడిగింది.

మార్కు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"నాకు ఆ నౌకరి వద్దు," అన్నాడు ఎడ్వర్డు. "బోర్డుకు పోవద్దు మనం."

"నువ్వొద్దంటే నా ఊపిరితిత్తులు బాగైతయారా? పిచ్చోడా. రా, చెయ్యియ్యి, దిగుదాం."

ఒక పక్క ఎడ్వర్డు, ఒక పక్క సారిక పట్టుకుంటే పది మెట్లకొకసారి కూర్చుంటూ దిగాడు. వెనక నేను సంచితో. కింద చాయ్ డబ్బా దగ్గర గంట సేపు కూర్చున్నాం. డబ్బా ఆవిడ "పైదాక పోయిండ్రా?" అని అడిగితే, "సగం దాక," అని మార్కే చెప్పాడు.

ఇంటికి చేరాక మధ్యాహ్నం సారిక ఫోను తీసింది. "అరకు తీసేస్తున్న," అంది ఎవరినీ చూడకుండా. "పెండ్లి చూసుకుని వచ్చేద్దాం." ఎడ్వర్డు తల ఊపాడు.

నేను రాసిన చీటీలో ఉన్నవన్నీ జరిగాయి. ఆయన అన్‌ఫిట్. అరకు ఆగిపోయింది. పిల్ల మనసు మారింది. ఇప్పుడు నా గుండె కుదుటపడాలి కదా అని ఎదురుచూస్తూ వంటింట్లో నిలబడ్డాను. ఏమీ కుదుటపడలేదు. ఒళ్ళంతా తడిసిన గోనెసంచిలా బరువుగా ఉంది.

మార్కు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాం.

"నన్నెవలన్న అడిగిండ్రా?" అన్నాడు గోడ వైపు నుంచే.

"ఎట్ల ఎక్కుతవు డాడీ?" అంది సారిక.

"ఎక్కుడెందుకు? గుట్టను చూడాల్నంటే ఎక్కాల్నా? కింద కూసోని చూస్తే అది గుట్ట కాకుంట పోతదా? చీకట్ల కూసునుడు కన్న నయమే గద."

సారిక ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. సాయంత్రం బస్సుకు కరీంనగర్ పోయింది.

సోమవారం పొద్దున ఆయన డ్యూటీకి తయారయ్యాడు. పోవద్దన్నాను. కొట్లాడాను. బోర్డు దాకా నాగా పెట్టనన్నాడు. పెళ్ళికి పెట్టే సెలవు చాలదా అన్నాడు. బయట వీరేందర్ బండి హారను వినిపించింది. నేనే ముందు గేటు దగ్గరికి పోయాను. అతను నా ముఖం చూసి హెల్మెట్ తీశాడు.

"అన్న చెప్పిండా ఒదినే?"

"చెప్పిండు."

"నేను చూసుకుంట ఒదినే. ఫికర్ చెయ్యకు."

అతనికి చెప్పాల్సింది చాలా ఉంది. నోటికి వచ్చింది మాత్రం, "బండి మెల్లగ నడుపు," అని.

మార్కు మూడు దాటాక తిరిగి వచ్చి, అన్నం తిని పడుకున్నాడు. ఆయన ఊపిరి వింటూ కాసేపు పక్కన కూర్చున్నాను. లెక్కపెట్టలేదు. తర్వాత వసారాలోకి వచ్చి ఫోను తీశాను. మొన్న టెంటు మాట్లాడినప్పుడు సారిక ఇంటి గ్రూపులో అరకు లాడ్జి నంబరు పెట్టింది. ఇంకా చెరపలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి నా అంతట నేను ఫోన్ చెయ్యడం నాకు అలవాటు లేదు. చేశాను.

"నమస్కారం అమ్మా, చెప్పండి," అన్నాడు అవతలి మనిషి.

"సారిక వాళ్ళమ్మను. మీ గదులకు మెట్లెన్ని?"

"సారిక గారి అమ్మగారాండీ? మీది టెంటు కదండీ, నలుగురికి."

"టెంటు పిల్లలకు. మాకు గది కావాలె. మెట్లు లేంది."

"కింద ఒకటుందమ్మా. రెండే మెట్లు."

"ఎత్తుగున్నయా?"

"లేదండీ, మామూలువే."

"దవాఖాన ఎంత దూరం?"

"ఏంటండీ?"

"ఆసుపత్రి."

"ఓ, ఆసుపత్రా. ఊళ్ళోనేనమ్మా, ఆటోలో పది నిమిషాలు."

"చీకటి పడ్డంక ఆటో దొరుకుతదా? డాక్టరు ఉంటడా? దగ్గున్న మనిషికి ఆ చలి పడుతదా? వేడినీళ్ళు పొద్దంత ఇస్తరా?"

ఓపిక గల మనిషే. ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. చలికి రెండు రగ్గులు ఇస్తానన్నాడు. తనకు తెలిసిన ఆటో అతని నంబరు ఇస్తానన్నాడు. చివరికి అడిగాడు: "అమ్మా, మీరు కొండలు చూడ్డానికే కదండీ వచ్చేది?"

"ఔ. గదిలకెళ్ళి కనబడ్తయా?"

"గుమ్మం ముందు కుర్చీ వేసుకుంటే ఎదురుగా కొండేనమ్మా. పొద్దున్నే మంచుంటుంది. తొమ్మిదింటికల్లా విడిపోతుంది."

"అయితే మూడు రోజులు రాయి."

"పాప గారు రెండే అన్నారండీ."

"ఒక దినం మంచు ఇడువకపోతే?"

అతను నవ్వి మూడు రాసుకుంటానన్నాడు. నేను ఫోను పెట్టేసి లోపలికి పోయాను. మార్కు మేలుకునే ఉన్నాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు.

"రెండు మెట్లున్నయట," అన్నాను.

"రెండు ఎక్కుత తియ్యి," అన్నాడు.